సంఘానికి తీసుకెళ్లిన దిండు గలీబు

అక్కా,

లాండ్రీ మూతపడటం లేదు, బెంగ పెట్టుకోకు. దుప్పట్లకు పసుపు మరకలు పోకపోతే వారంలో పని మాన్పిస్తామని ఆసుపత్రివాళ్లు అన్నారని రాశాను కదా. మా లాండ్రీల సంఘంలో చెడిన బట్ట తెచ్చినవాళ్లే మాట్లాడాలి. పరువు పోతుందని ఎనిమిది నెలలు ఒట్టి చేతులతో వెళ్లి టీ తాగి వచ్చాను. మొన్న మరకల గలీబు ఒకటి తీసుకెళ్లాను. పక్క వీధి లాండ్రీ ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఏ నీళ్లయ్యా?"

"బోరు నీళ్లే."

"అందులో ఇనుముంది. బ్లీచింగ్ తగిలితే పసుపెక్కదూ? ఇన్నాళ్లూ సబ్బును తిట్టుకున్నావా?"

కుళాయి నీళ్లకు మారాను. దుప్పట్లు తెల్లగా వస్తున్నాయి, ఆసుపత్రి పని నిలిచింది. నా కొట్టు మూతపడితే మీకే లాభం కదా, ఎందుకు చెప్పారని ఆయన్ని అడిగాను. "ఆ దుప్పట్లన్నీ నా నెత్తిన పడితే చచ్చేవాణ్ణి" అన్నాడు. అసలు కారణం అదేనా అని ఇంకా ఆలోచిస్తున్నాను.

నాన్న మోకాలు నొప్పి తగ్గిందా? అటక మీద నా గొడుగు ఉందేమో చూడు. చంటిదానికి ముద్దులు. బేకరీల సంఘం దండగని బావ మీటింగులు మానేశాడని రాశావు కదా. ఈసారి మాడిన రొట్టె ఒకటి చేతికిచ్చి పంపు.

నీ తమ్ముడు