చేయించుకోనా అక్కా?

ఏప్రిల్ 4
మళ్ల వచ్చింది. చపాతీలు ఒత్తుతుంటే ఛాతిల సెగ లేసి మెడ, చెవులు... జాకెట్ తడిసి ముద్ద. స్టవ్ బంద్ చేసి ఫ్రిజ్ తలుపు తీస్కొని నిలవడ్డ. అత్తమ్మ చూసి — "దాంట్ల దూరుతవా ఏంది?"
యారాలు లావణ్య, మా మరిది పెండ్లాం, పక్కనే ఉల్లిగడ్డలు కోస్తున్నది. ఇద్దరం ఒక్క ఈడోళ్లం. ఆమె మొఖం మీద ఒక్క చెమట చుక్క లేదు.

ఏప్రిల్ 7
నలభై గూడ నిండలే నాకు. పోయినేడు గర్భసంచి తీస్తమన్నరు, సరే అన్న. అండాశయాలు గూడ తీసినమని తర్వాత చెప్పిన్రు. అప్పటిసంది ఈ సెగలే. "ఇంక ఏ ఫికర్ లేదమ్మా" అన్నడు ఆ డాక్టర్.

ఏప్రిల్ 12
"మళ్ల ముట్టైన అక్కా. ఎప్పుడు పోతదో ఈ పీడ!"
నా ముంగట్నే అంటది లావణ్య. ఆమెకు పీడ. నాకు అదే కావాలనిపిస్తున్నది... పిచ్చిదాన్ని.

ఏప్రిల్ 15
ఈయన మంచం హాల్ల ఏస్కున్నడు. నా ఫ్యాన్‌కు చలి పెడ్తదట. పొద్దుగాల మళ్ల — "ఇయ్యాల లావణ్య పెట్టిందా చాయ? మస్తున్నది."
గ్లాసు కడుగుతుంటే పగిలింది. చెయ్యి జారిందో, నేనే ఇడిసిననో.

ఏప్రిల్ 21
లావణ్య నా అర్రలకొచ్చి తలుపు దగ్గరేసింది.
"ఈసారి ఆగుతనే లేదక్కా. దవాఖానకు పోతె గర్భసంచి తీసేద్దామన్నరు. నువ్వు చేయించుకున్నవ్ గద... చేయించుకోనా?"
నాలుక కొస దాకా వచ్చింది — చేయించుకో, ఏం గాదు. ఒక్క మాట. ఇంక ఆమె గూడ నా లెక్కనే ఉడుకుతది. గట్ల అనుకుంటె పానం సల్లవడ్డది. అవ్, సల్లవడ్డది.
"చూద్దాం తియ్" అన్న.

ఏప్రిల్ 22
రెండుసార్లు తొంగి చూసింది. నేను బట్టలు మడత పెట్టుకుంట తల ఎత్తలే.

ఏప్రిల్ 24
వంటింట్ల కండ్లు తిరిగి గోడ పట్టుకున్నది లావణ్య. పెదవులు తెల్లగ పాలిపోయినయ్. ఉరికి పట్టుకున్న. దానంతటదే నోట్లకెళ్లి వచ్చింది — "రేపు ఇంకో డాక్టరమ్మకు చూపిద్దాం. నేనొస్త."

ఏప్రిల్ 25
పొద్దుగాల్నే బస్సెక్కి ఎల్బీనగర్ పోయినం. స్కానింగ్, రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ — "చిన్న గడ్డ. రక్తం తక్కువుంది. గోలీలతోని తగ్గుతది, ఆపరేషన్ అక్కర్లేదు."
లావణ్య ఏడ్చింది, నవ్వింది. నేను కొంగుతోని ఇసురుకుంటున్న. డాక్టరమ్మ నా దిక్కు తిరిగింది.
"నీకెందుకు తీసిన్రు?"
"తెల్లబట్ట అయితుండె మేడం."
"గంతకేనా? అండాశయాలు గూడనా?"
అవ్ అని తల ఊపిన. అండాశయాలు లేకుంటె ఎముకలు గుల్లైతయన్నది ఆమె. బొక్కల పరీక్ష రాసిచ్చింది.
వాపసొచ్చేటప్పుడు బస్సు బొంగులూరు దాటినంక లావణ్య నా భుజం మీద తల పెట్టింది. "నువ్వు లేకుంటె ఆగమైతుంటి అక్కా."
అవ్. ఆమెకు నేనున్న. నాకప్పుడు ఎవరున్నరు?... భుజం గుంజుకోవాలనిపించింది. గుంజుకోలే.

ఏప్రిల్ 27
ఇంట్ల అందరు దాని చుట్టే. దానిమ్మ గింజలు, బెల్లం, పల్లీలు. అత్తమ్మ పని ముట్టనిస్తలేదు.
"నీ పరీక్షకు ఎప్పుడు పోదామక్కా? ఈసారి నేనొస్త" అంటది లావణ్య.
నిజంగనే అంటున్నది, మొఖం చూస్తె తెలుస్తది. అందుకే ఇంకింత మండుతున్నది.
పరీక్ష చిట్టి తీసి చూసి, మళ్ల దిండు కింద పెట్టిన...