అత్త వంతు మారేలోగా

నవంబరు 11
తెల్లవారుజాము నుంచి ముసురు. కొట్టమంతా బురద. గడ్డి కోసుకొచ్చి, రెండావుల పాలు కేంద్రంలో పోసి వచ్చేసరికి తొమ్మిది. మధ్యాహ్నం అత్తకు నవల చదివాను. తిరుపతి బస్టాండు దగ్గర పాత పుస్తకాల్లో దొరికింది, అట్ట లేదు. అత్తకు అక్షరాలు రావు. పళ్లు కూడా లేవు. వక్కాకు చిన్న ఇత్తడి రోట్లో దంచుకుంటూ వింటుంది.

నెలాఖరుకు అత్త వంతు మారుతుంది. ఆరు నెలలు మా ఇంట్లో, ఆరు నెలలు చంద్రగిరిలో మరిది గిరి ఇంట్లో. అక్కడ చదివి వినిపించేవాళ్లు లేరు. ఇంకా నూటపది పేజీలున్నాయి. రోజుకు పది టార్గెట్ పెట్టుకున్నాను.

నవంబరు 14
దొరికిపోయాను. నవలలో కథానాయిక బిందె తీసుకుని కొళాయి దగ్గరికి వెళ్లిందని చదివాను. అత్త దంచడం ఆపింది. వాళ్లింట్లో బాయుండాది గదమ్మే, కొళాయికాడికి యాల పోతాది అని అడిగింది.

వర్ణనే కదా అని రెండు పేరాలు దాటేశాను. బావి ఎండింది ఆ రెండు పేరాల్లోనే.

గసగసా సదవతా ఉండావే, బస్సుకు టైమయినాదా అంది.

నవంబరు 15
టెన్త్ వరకూ ఇలాగే చదివాను. ముందు ప్రశ్న చూడటం, జవాబు ఎక్కడుందో వెతకడం, అంతవరకే కళ్లు పెట్టడం. మార్కులు బాగానే వచ్చేవి. ఒక్క పాఠం గుర్తు లేదు.

పొద్దున బావి పేరాలు ఒక్కదాన్నే మళ్లీ చదివాను. బొక్కెన అడుగు రాయికి తగిలిన చప్పుడు ఉంది అందులో. మా అమ్మవాళ్ల బావి గుర్తొచ్చింది. పాల కేంద్రానికి లేటయింది.

నవంబరు 19
నాలుగు పేజీలే.

నవంబరు 24
నవలలో ఆమె ఊరు వదిలి కూతురి దగ్గరికి పోతుంది. బిందె పక్కింట్లో బోర్లించి వెళ్తుంది. సొట్టబిందె, వద్దనుకుని ఉంటుందన్నాను. అత్త నవ్వింది. వద్దనుకుంటే పారేసుండదా పిచ్చిదానా, మళ్లా వస్తాననే గదా ఆడ పెట్టింది అంది.

ఆ పేజీ రెండుసార్లు చదివాను. అలా ఎక్కడా రాయలేదు. మూడోసారి కనిపించింది. బోర్లించేముందు చింతపండుతో తోమింది.

నవంబరు 27
అత్తను ఇంకో నెల ఉంచుకుందామని మా ఆయన ప్రతాప్‌ను అడిగాను. పుస్తకం కోసరం వంతు మార్సమంటే గిరిగాడు నవ్వడా అన్నాడు. పోనీ పుస్తకం ఇచ్చి పంపనా అని అత్తను అడిగాను. ఆడ ఎవురు సదవతారు, టీవీ సదవతాదా అంది.

నవంబరు 30
గిరి వచ్చాడు. అత్త ఈ పొద్దు రెండు పేజీలు చాలంది. 143 దగ్గర ఆపాం. ఇంకా పదిహేడు. గబగబా చదివితే గంట పని.

చదవలేదు.

డిసెంబరు 1
వాన లేదు. రోలు మర్సిపోయినావుమా అన్నాడు గిరి వాకిట్లో. బరువురా, ఈడనే ఉండనీ అంది అత్త.

రోలు తోమి ఉంది.

తొమ్మిదీ పదికి చంద్రగిరి మీదుగా పోయే తిరుపతి బస్సు. అత్త, గిరి వెళ్లారు.