ఎల్లుండి మళ్ళీ చూడాలి

ఏప్రిల్ 6, సోమవారం

అన్నయ్యకు,

చెల్లెలు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. నువ్వూ వదినా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. తిన్నది ఒంటబట్టడం లేదు, కూర్చున్న చోట కుదురుగా ఉండలేకపోతున్నాను, తక్కినదంతా క్షేమమే.

ఈ రెండేళ్ళలో నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఫోన్‌లో మనం ఎండల గురించీ పిల్లల పరీక్షల గురించీ మాట్లాడుకుని పెట్టేస్తాం. ఆ ఆడగుర్రం, మబ్బు పేరు మన మధ్య రాదు. ఇవాళ తేక తప్పడం లేదు. మబ్బు మళ్ళీ చూడి కట్టింది.

అండం విడుదలై ఇవాళ్టికి పద్నాలుగో రోజు. పొద్దున గుర్రపుశాలకు వెళ్ళాను. మబ్బును ఇనుప చట్రంలో నిలబెట్టి, భుజం దాకా తొడుగు వేసుకుని స్కాన్ చేశాను. గర్భసంచి ఎడమ కొమ్ములో నల్లటి గుండ్రం కనిపించింది, పదిహేడు మిల్లీమీటర్లు. సంతోషపడబోయి, అలవాటుగా కుడి వైపు కూడా చూశాను. అక్కడ ఇంకొకటి ఉంది, పదిహేను.

నా చెయ్యి లోపలే ఆగిపోయింది. మబ్బు తల పట్టుకుని నిలబడ్డ, గుర్రాలు చూసుకునే తాత నా మొహం చూసి, "రెండా?" అన్నాడు. "రెండే తాతా" అన్నాను.

తిత్తేమో అనే అనుమానానికి ఈసారి చోటివ్వలేదు. మగగుర్రంతో దాటించకముందే గర్భసంచి అంతా చూసి, ఏ నీటితిత్తి ఎక్కడుందో కాగితం మీద బొమ్మ గీసి పెట్టుకున్నాను. కుడి కొమ్ములో ఏ తిత్తీ లేదు.

యజమానురాలికి మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. గుర్రానికి కవలలంటే వరం కాదని, రెండు మావులకు ఆ సంచిలో చోటు చాలదని, ఏడో నెలో ఎనిమిదో నెలో రెండూ పోతాయని, ఒక్కోసారి తల్లిని కూడా తీసుకుపోతాయని, ఇప్పుడే ఒకదాన్ని తీసేస్తే రెండోది బతకడానికి మంచి అవకాశం ఉందని. ఆవిడ మధ్యలో అడ్డుకుని, "నాకు గుర్తుంది డాక్టరమ్మా, చెయ్యండి" అని అటు తిరిగి నిలబడింది.

నువ్వు నేర్పినట్టే చేశాను. మబ్బు కదలకుండా ఇంజెక్షన్ ఇచ్చి, చిన్నదాన్ని మెల్లగా కొమ్ము కొసకు తోసి, వేలితో నొక్కిపట్టాను. చిట్లిన సంగతి వేలికి తెలిసింది. తెర మీద కాసిని నీళ్ళు పరుచుకుని మాయమయ్యాయి. అంతే, అర నిమిషం పని.

చేతులు కడుక్కుంటుంటే తాత తువ్వాలు అందిస్తూ, "ఎల్లుండి మళ్ళీ చూడాలి కదా. మీరే వస్తారా?" అన్నాడు. నేనే వస్తానన్నాను. "మరిచిపోరుగా" అన్నాడు. ఆయన మామూలుగానే అడిగాడు. నాకే చెవులు వేడెక్కాయి.

ఉత్తరం ఇవాళ పంపను. ఎల్లుండి సంగతి తేలాక.

ఏప్రిల్ 8, బుధవారం

పది గంటలకు రమ్మంటే ఆరున్నరకే వెళ్ళి గేటు ముందు కూర్చున్నాను. చిన్నది లేదు. పెద్దది ఇరవై నాలుగు మిల్లీమీటర్లు అయింది, కొమ్ము మొదట్లో కుదురుకుంది. ఇంతకంటే ఏం కావాలి? అయినా కారు ఎక్కి కొంత దూరం వచ్చాక, సరిగ్గా చూశానా అనిపించింది. వెనక్కి తిప్పి వెళ్ళి మళ్ళీ చూశాను. అదే ఇరవై నాలుగు. మబ్బు ఒకసారి నన్ను తిరిగి చూసి చెవులు వెనక్కి పెట్టింది. దాని ఓపికకూ ఒక హద్దుంటుంది.

ఇంటికొచ్చాక మీ బావ ఊరుకోడు కదా. "గుర్రం నిలబడి నిద్రపోతోంది, నువ్వు పడుకుని కూడా నిద్రపోవడం లేదు. మీ ఇద్దరిలో ఎవరికి వైద్యం జరుగుతున్నట్టు?" అన్నాడు. నవ్వాను. నవ్వితే వదిలేస్తాడని.

అన్నయ్యా, రెండేళ్ళ కిందటి ఆ రోజు సంగతి నీకు తెలిసిందే అయినా రాయనివ్వు. నేను రాసుకుంటే తప్ప కాలు నిలవదు.

ఎనిమిదో నెల మొదట్లో మబ్బు పొదుగు చేపుకొచ్చింది. ఇంకా నాలుగు నెలలుండగానే పాలు కారుతున్నాయని తాత ఫోన్ చేశాడు. ఇద్దరం కలిసే వెళ్ళాం. మనం చేరేసరికే ఈసుకుపోయింది. గడ్డి మీద చచ్చిపుట్టిన రెండు పిల్లలు. ఒకటి మేకపిల్లంత, రెండోది కుక్కపిల్లంత. మూతి దగ్గర తప్ప ఒంటి మీద వెంట్రుకే లేదు. నువ్వు మోకాళ్ళ మీద కూర్చుని మావి రెండు ముక్కలూ పరిచి, ఏదీ లోపల మిగల్లేదు కదా అని అంగుళం అంగుళం వెతికావు. మబ్బుకి జ్వరం రాకుండా మూడు రోజులు అక్కడే ఉన్నావు.

యజమానురాలు రిజిస్టరు తెచ్చి తెరిచింది. పద్నాలుగో రోజు నేను చూసినప్పుడు, ఒక పిండం ఉంది, పక్కన ఉన్నది తిత్తి కావచ్చు, రెండు రోజుల్లో మళ్ళీ చూడాలి అని రాసి ఉంది. దాని కిందే, మళ్ళీ చూశాం, రెండోదాని కొలతలో మార్పు లేదు, తిత్తే అని ఉంది. తిత్తి పెరగదు, పిండం పెరుగుతుంది. "ఈ రెండోసారి చూసిందెవరు?" అని అడిగింది ఆవిడ.

నేను నోరు తెరవకముందే నువ్వు, "నేనే. పొరబడ్డాను" అన్నావు.

దారిలో నాతో ఒక్క మాటే అన్నావు: "తిత్తీ పిండమూ ఒక్కలాగే ఉంటాయి, ఎవరి కన్నయినా మోసపోతుంది. నీకింకా ముందుంది, నాకు సగం అయిపోయింది." ఆరు నెలలు తిరక్కుండా ఒక్కొక్క గుర్రపుశాలా నిన్ను పిలవడం మానేసింది. ఇప్పుడు దాణా ఫ్యాక్టరీలో తవుడు తేమ కొలుస్తున్నావు. గుర్రం ఒంటి మీద చెయ్యి వేస్తే దాని కడుపులో సంగతి చెప్పే మనిషివి. నిన్ను పిలవని వాళ్ళందరూ నన్ను పిలుస్తున్నారు.

ఏప్రిల్ 18, శనివారం

ఇవాళ ఇరవై ఆరో రోజు. గుండె కనిపించింది.

బియ్యపు గింజంత పిండం మధ్యలో మినుకుమినుకుమంటూ ఒక చుక్క. తాతకు చూపిస్తే కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "బానే కొట్టుకుంటోందే" అన్నాడు. యజమానురాలు తెర మీద వేలు పెట్టబోయి ఆగిపోయింది.

సంతోషించాల్సిన రోజు. నేను మాత్రం గుర్రపుశాల ఈ కొసనుంచి ఆ కొసకు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఇంకా పది నెలలు. ఈలోగా ఏదైనా కావచ్చు. కానీ నా కాలు నిలవనిది అందుకు కాదు.

నువ్వు మళ్ళీ ఈ పనిలోకి రావాలి అన్నయ్యా. బతిమాలుతున్నాను అనుకో, ఆజ్ఞాపిస్తున్నాను అనుకో. నీ స్కాన్ యంత్రం నేను వాడుతూనే ఉన్నాను, దాని తీగ ఒకటి మార్పించాను. నీ రబ్బరు బూట్లు నా కాలికి పెద్దవి. వదినకు నా మాటగా చెప్పు, ఆమె వద్దనదు.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. మడిచి కవరులో పెట్టాక మళ్ళీ తీశాను. అసలు రాయాల్సింది రాయలేదు.

నా కన్ను మోసపోలేదు. ఆ రెండోసారి నేను వెళ్ళనే లేదు. వాన లేదు, కారు బాగానే ఉంది, నాకు జ్వరమూ లేదు. భోజనం చేసి గంటసేపు పడుకుందామనుకున్నాను, లేచేసరికి సాయంత్రమైంది. తిత్తే అయ్యుంటుందిలే అనుకుని, తర్వాత వేరే గుర్రం కోసం అక్కడికి వెళ్ళినప్పుడు మొదటిరోజు కొలతే మళ్ళీ రిజిస్టరులో రాసేశాను. నువ్వు నా పొరపాటు అనుకుని మీదేసుకున్నది పొరపాటు కాదు, అబద్ధం. అది తెలిసుంటే నువ్వు ఆ మాట అనేవాడివో కాదో నాకు తెలియదు. అది తెలుసుకోవడం ఇష్టం లేకే రెండేళ్ళు నోరు మూసుకున్నాను.

ఇవాళ గుండె చూశాక యజమానురాలికి చెప్పేశాను. తాత అక్కడే ఉన్నాడు. నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు నేను రాలేదని ఆయనకు మొదటినుంచీ తెలుసు.

ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఈ సంగతి మీ అన్నయ్యకి తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాను. "అయితే ముందు ఆయనకి రాయండి" అంది. గేటు దాకా వచ్చి, "నలభయ్యో రోజు పరీక్షకు మీరు రావద్దు. ఆయన వస్తారేమో అడగండి" అంది.

ఆ రోజు మే 2, శనివారం, పొద్దున పది గంటలకి. నాకు జవాబు రాయకపోయినా పరవాలేదు. అక్కడికి వెళ్ళు.