సీటు కింద చెయ్యి

బాపూ,

అమ్మ సులువుగా ఎక్కాలని నువ్వు సీటు దించిన బండి, నువ్వు పోయాక షెడ్డులో సగం పనితోనే ఆగిపోయింది. ఇవాళ దానికి వైరింగ్ పూర్తిచేశాను. సీటు కింద జానెడు చోటు కూడా లేదు. బ్యాటరీ, ఫ్యూజు, రిలే అందులోనే ఇరికించాను. పెట్రోలు ట్యాంకు పక్కనే ఉంది. వైర్లు ఇనుముకు రాసుకునేచోట నీలాగే పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగాను.

మంట లేస్తే పోయడానికి అమ్మ ఇసుక బకెట్ పట్టుకుని నిలబడింది. "నేను బండెక్కకున్నా మంచిదే బిడ్డా, నువ్వు జర దూరం జరుగు" అన్నది.

తాళం తిప్పాను. లైటు వెలిగింది. వేడెక్కుతున్నాయేమో చూడ్డానికి, నువ్వు చేసినట్టే వైర్ల మీద అరచెయ్యి ఆనించాను. ఎడమచెయ్యి ఇంకా అక్కడే ఉంది, కుడిచేత్తో ఇది రాస్తున్నాను. వెచ్చగా తగులుతోంది. అది వైరు వేడో, నా చేతి వేడో, నువ్వుంటే చెప్పేవాడివి.