నలభై ఒకటో చీటీ

కిల్కెన్నీ, ఐర్లండ్,
9 నవంబర్ 2025

చంద్రకళ వదినకు,

నీలిమ నమస్కారాలు. ఇక్కడ మేం కులాసా. మీరెలా ఉన్నారో రామ్మోహన్ అన్నయ్య పెట్టే ఫొటోల్లో చూసుకుంటున్నాను. ఫోన్ చేసి అడిగే మొహం లేదు. మూడేళ్లయింది కదా! మా ఉజ్వల మాత్రం ఆడమ్స్‌టౌన్ ఆంటీ పులిహోర మళ్లీ ఎప్పుడని ఐరిష్ యాసలో అడుగుతూనే ఉంటుంది.

మా వార్డులో అబిగేయిల్ అని తొంభై ఏళ్ల మామ్మగారున్నారు. నాడి చూడబోతే చెయ్యి పట్టుకుని కబుర్లే కబుర్లు. వందేళ్ల కిందట ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చీ రాగానే, ఇంగ్లండుతో చేసుకున్న ఒప్పందం మీద వీళ్లలో వీళ్లకే యుద్ధమొచ్చిందట. ఆమె తండ్రి ప్రభుత్వం వైపు, బాబాయి ఎదుటి వైపు. బాబాయి గడ్డివాములో దాక్కుంటే ఎవరో సైనికులకు చెప్పేశారు. పక్కింటాయనే చెప్పాడని ఊరంతా ఆయన మీద పడింది. ముప్పయ్యేళ్లు ఆ ఇంట ఎవరూ మంచినీళ్లు కూడా ముట్టలేదట. చెప్పింది తనేనని ఆమె తండ్రి, పోయేముందు వారం, కూతురితో అన్నాడట. అప్పటికి తమ్ముడూ లేడు, పక్కింటాయనా లేడు. ఎవరి కాళ్లు పట్టుకుంటాడు, పాపం! ఆవిడ ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది వదినా. డాక్టరమ్మ ఏడవకూడదని ఆవిడే నా కళ్లు తుడిచింది.

నువ్వే గుర్తొచ్చావు. మన తెలుగు సంఘం ఆంధ్ర, తెలంగాణ అని విడిపోవాలా వద్దా అని చీటీలు వేసిన రోజు, కలిసే ఉందామని అందరినీ బతిమాలింది ఖమ్మం ఆడపడుచువి నువ్వే. నీ పక్కనే కూర్చుని నేనూ తలూపాను. నలభై ఒకటి, నలభై. ఒక్క చీటీతో చీలిపోయాం. కలిసుందామన్నవాళ్లలోనే ఎవరో దొంగచాటుగా అటు వేశారన్నారు. ఖమ్మం మనిషివని నింద నీ మీద పడేశారు. నువ్వు చెప్పులేసుకుని వెళ్లిపోతుంటే నేను ఆపలేదు. ఈ దేశంలో అద్దె ఇల్లు దొరకని నాలుగు నెలలూ నీ ఇంట్లో తిన్నదాన్ని, నేను!

వచ్చే ఆదివారం ఆడమ్స్‌టౌన్ స్టేషన్లో దిగి మీ ఇంటికొస్తాను. తలుపు తియ్యకపోతే తిరుగు రైలెక్కుతాను, ఏమీ అనుకోను. అబద్ధం, ఏడుస్తాను.

నీ అన్నం తిన్న
నీలిమ

తా.క.: వదినా, పైన రాయడానికి చెయ్యి రాలేదు. ఆ ఒక్క చీటీ నాది. సంఘం రెండైతే ఒకదానికి నేనే అధ్యక్షురాలిని కావచ్చని దుర్బుద్ధి. అయ్యాను కూడా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే పాటి సిగ్గు కూడా లేకుండా మూడేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను. ఈ మాటే ఇందాక రెండు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లోనూ నా పేరుతో పెట్టాను. నువ్వు నన్ను క్షమించినా, మానినా, ఇక నిన్నెవరూ ఏమీ అనరు.