మూడో ప్లగ్గు మీద నీలం చుక్క

జూన్ 14, ఆదివారం

మామయ్య గారికి,

మేనకోడలు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. అమ్మకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. మీరూ అత్తయ్యా కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మర్యాదకు ఇంతవరకూ చాలు. నాకు మీలాగా చుట్టూ తిప్పి మాట్లాడటం చేతకాదు కనుక సూటిగా సంగతికి వస్తాను.

గురువారం మధ్యాహ్నం నేను సీటు కవర్ల కొట్లో కుట్టు మిషను ముందు ఉండగా ఒక పాత పికప్పు వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. ఆగడం కూడా కాదు, దగ్గి దగ్గి ప్రాణం విడిచింది. చూడగానే గుర్తుపట్టాను. మొక్కల తోటాయన బండి. ఎడమ తలుపు మీద సొట్ట అలాగే ఉంది. ఆయన దిగి, స్పార్కు ప్లగ్గులు మార్చాలమ్మా, నువ్వే మార్చాలి అన్నారు. ఆ పని మానేసి ఆరేళ్లయింది, ఇప్పుడు నేను సూదీ దారం మనిషిని అన్నాను. వింటేగా! కొత్త ప్లగ్గుల డబ్బాలు నాలుగూ నా మిషను మీద పెట్టేసి, ఇంజను చల్లారేదాకా కూర్చుంటానని స్టూలు లాక్కున్నారు.

ఆ బండిని మీరు మాత్రం ఎలా మర్చిపోతారు, మామయ్యా? ఆరేళ్ల కిందట మన షెడ్డులో దానికి ప్లగ్గులు మార్చింది నేనే. నాలుగూ బిగించి, తెల్ల పింగాణీ మీద నా ఎర్ర రంగు చుక్కలు పెట్టి ఇంటికి వెళ్లాను. ఎవరు బిగించిన ప్లగ్గు మీద వాళ్ల రంగు ఉండాలన్నది మీరు పెట్టిన పద్ధతే. నాది ఎరుపు, మీది నీలం. మర్నాడు బండి ఎత్తు ఎక్కుతూ ఆగిపోయింది. మూడో ప్లగ్గు కొసన పింగాణీ పగిలి, ముక్క ఇంజను లోపల పడి, పిస్టను పాడైపోయింది. కింద పడిన ప్లగ్గు పైకి బాగానే కనిపించినా లోపల చిట్లి ఉంటుంది, పారెయ్యాలే తప్ప బిగించకూడదని పనిలో చేరిన రోజునే మీరు నాకు నేర్పారు. ఆ ప్లగ్గును షెడ్డులో అందరి ముందూ ఎత్తి పట్టుకుని, ఈ పిల్ల జారవిడిచి, తుడిచి బిగించేసింది, నాకు చెప్పను కూడా లేదు అన్నారు.

నాకు జారవిడిచినట్టు గుర్తు లేదు. అయినా మీరు అబద్ధమాడతారని నా ఊహకైనా తట్టలేదు. వారం తర్వాత మీ ఇంటికొచ్చి మీ కాళ్లు పట్టుకున్నాను. మీరు నా తల మీద చెయ్యి పెట్టి, పోనీలే, క్షమించాను, ఇక మీదట పానా ముట్టుకోకు అన్నారు. ముట్టుకోలేదు.

గురువారం ముట్టుకున్నాను. ముందు ప్లగ్గుల చుట్టూ ఉన్న దుమ్ము ఊదేశాను. వైర్లు ఒకదాని బదులు ఇంకొకటి పడకుండా ఒక్కొక్కటే విప్పాను. కొత్తదాన్ని రబ్బరు గొట్టం ముక్కకు తగిలించి వేళ్లతోనే తిప్పి, మర సరిగ్గా పట్టాకే పానా వేశాను. చేతులు ఏదీ మర్చిపోలేదు. మూడోది బిగించేటప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. కళ్లు మోచేత్తో తుడుచుకుంటే మొహమంతా మసి. తోటాయన చూడనట్టు అటు తిరిగారు.

తీసిన సామాను సొంతదారుకే ఇచ్చెయ్యాలన్నదీ మన షెడ్డు పద్ధతే కదా. పాత ప్లగ్గులు డబ్బాల్లో పెట్టి ఇచ్చాను. ఆయన అవి పుచ్చుకుని, స్టీరింగు పక్క అరలోంచి టేపు చుట్టిన పాత డబ్బా ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. ఆ రోజు మీరిచ్చిందేనట. ఆయన ఎదురుగా నిలబడి చెయ్యి చాపేసరికి ఇవ్వక తప్పలేదు కాబోలు. మీ చేతిరాతతో మూడు అనీ, ఆనాటి తేదీ కూడా రాసి ఉంది. టేపు విప్పాను. ముక్కు విరిగిన ప్లగ్గు. నెత్తిన నీలం చుక్క ఉంది.

మీరు ఆ రోజు విరిగిన కొసే చూపించారు. పై భాగం మీ గుప్పిట్లో ఉంది. నేను వెళ్లాక నా మూడో ప్లగ్గు తీసేసి మీరు ఇంకోటి బిగించారు. ఎందుకో మీకే తెలియాలి. బిగించి, అలవాటు కొద్దీ మీ చుక్క పెట్టేశారు.

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. దానికి నాకు కోపం లేదు. కానీ మీ తప్పుకు నా చేత మీకే క్షమాపణ చెప్పించుకున్నారు చూడండి, అది నాకు మింగుడుపడటం లేదు. కన్నతండ్రి లేని లోటు మీ వల్లే తెలియలేదని ఊరంతా చెప్పుకు తిరిగాను. నమ్మించి నా గొంతు కోశారు, మామయ్యా.

శుక్రవారం బస్సుల డిపోకు వెళ్లి మెకానిక్కు పని అడిగాను. చేసి చూపించాను, నచ్చింది. పని నేర్పిన మేస్త్రి మాట కూడా కావాలన్నారు. బుధవారం మీకు ఫోను చేస్తారు. నా గురించి మంచి చెప్పమని అడగను. ఆ ప్లగ్గు ఎవరు బిగించారో చెప్పండి చాలు. ఆ డబ్బా నేనే పట్టుకెళ్లి చూపించగలను. కానీ నలుగురిలో నా పేరు చెడగొట్టింది మీరు, మీ నోటితోనే నిలబెట్టాలి.

ఇంకేం రాయాలో తోచని,
మీ మేనకోడలు

తా.క.: ఇదంతా నాకు అనుకోకుండా దొరికిందనుకోకండి. తోటాయనను నా దగ్గరకు వెళ్లమన్నదీ, ఆ డబ్బా నా చేతికే ఇవ్వమన్నదీ అత్తయ్య. నిన్న ఫోను చేసి నిలదీస్తే ఒప్పుకుంది. ఆ సాయంత్రం మీకు టీ తెచ్చినప్పుడు కళ్లారా చూసిందట. ప్లగ్గు మీ చేతిలోంచి జారి సిమెంటు నేల మీద పడటం, మీరు దాన్ని చొక్కాకు తుడిచి బిగించడం, అంతా చూసిందట. ఇన్నాళ్లకైనా నా పక్షాన ఒకరు నిలబడ్డారని సంతోషించబోయాను. కానీ ఈ ఆరేళ్లూ నెల తప్పకుండా నాకు ఫోను చేసి, నీ చేతిలోనే జారి ఉంటుందమ్మా, బాగా గుర్తు తెచ్చుకో అని నన్ను ఓదార్చింది ఆవిడే.