ఎల్లప్ప తాతకు దోసెడు బియ్యం

నాయినా, నేను బాగున్నాను, పరేషాన్ కావద్దు. ఇక్కడ జపాన్‌లో, వృద్ధాశ్రమంలో నేను చూసుకునే ఒకామె నిన్న వాళ్ల తొలి చక్రవర్తి జిమ్ము సమాధికి తీసుకెళ్లమంటే తీసుకెళ్లాను. ఆయన అసలు ఉన్నాడో లేడో చరిత్ర రాసేవాళ్లే తేల్చలేదు. అదే అడిగాను. "నాకేం తెలుసు? మా అమ్మ ఇక్కడే మొక్కేది" అంటూ చక్రాల కుర్చీలోనే వంగింది.

నాకు మన ముసలవ్వ గుర్తొచ్చింది. ప్రతి పెత్రమాసకు పెద్దల పేర బియ్యం ఇస్తూ, "గీ దోసెడు ఎల్లప్ప తాతకు" అనేది. ఎవరూ చూడని తాత ఎందుకని, అవ్వ పోయాక నేనే ఆ పేరు మాన్పించాను.

నారాయణఖేడ్‌లో వానలు తగ్గాయా? పెసర్లు తడవలేదు కదా? తమ్ముని దగ్గు ఎట్లుంది?

ఈ పెత్రమాసకు ముందు ఎల్లప్ప తాతకు పోసి, తర్వాతే అవ్వ పేరు చెప్పు. ఇద్దరికీ నా దండం.

నీ సంతోషి